పాఠకుల ప్రశ్నలు: చచ్చిన హంతకుడు మళ్లీ ఎట్లా వచ్చినాడు?

అక్టోబరు నెలాఖరు దగ్గరపడేసరికి ఈ శీర్షికకు భయానక చిత్రాల గురించి ఉత్తరాలు రావడం మామూలే. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం అక్టోబరు 31 నాటి హాలోవీన్ పండుగ పేరు మీద 1978లో మొదలై 2022 దాకా పదమూడు చిత్రాలుగా సాగిన హాలోవీన్ వరుస గురించే ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. చిత్రాల ముగింపులు చెప్పక తప్పడం లేదు కాబట్టి, ఇంకా చూడనివారు ముందే జాగ్రత్త పడగలరు.

ప్రశ్న: మేమిద్దరం ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్నాం. 2018లో వచ్చిన హాలోవీన్ మాత్రమే మొదటి చిత్రానికి అసలైన కొనసాగింపు అని నా వాదన. 1981 నాటి రెండో భాగంలో హంతకుడు మైఖేల్ మైయర్స్‌కు కథానాయిక లారీ సొంత చెల్లెలని తేలుతుంది కదా, దాన్ని కొట్టిపారేస్తే ఇక కథే లేదని నా మిత్రుడి వాదన. మెస్‌లో మొదలైన తగవు పది రోజులైనా తెగలేదు. తీర్పు చెప్పండి.
– ఇద్దరు విద్యార్థులు, తిరుపతి

సమాధానం: తీర్పు మీ పక్షానికే ఇస్తున్నాను గాని, ముందు మీ మిత్రుడికి న్యాయం చేయాలి. ఈ వరుసలో ‘అసలైన’ కథ ఒక్కటే ఉందనుకోవడం వల్లనే మీ తగవు తెగడం లేదు. 1988, 1989, 1995 సంవత్సరాల్లో వచ్చిన చిత్రాలు మొదటి రెండింటినీ కలుపుకొని ముందుకు నడిచాయి. 1998 నాటి చిత్రం ఆ మూడింటినీ పక్కన పెట్టి, మళ్లీ రెండో భాగం నుంచే కథ ఎత్తుకుంది. 2018 చిత్రం మొదటిదాన్ని తప్ప దేన్నీ లెక్కలోకి తీసుకోలేదు. 2007, 2009 చిత్రాలు రీమేక్, దాని కొనసాగింపు. ఒకే మొదలు నుంచి వేరువేరు కొమ్మలు పుట్టుకొచ్చాయి కాబట్టి, ఒక కొమ్మ మీద కూర్చున్నవాడు రెండో కొమ్మ మీదివాణ్ణి దొంగ అనడానికి లేదు.

అయినా నేను మీ వైపు మొగ్గడానికి కారణం ఒక తాళంచెవి. 1978 చిత్రంలో లారీ బడికి వెళ్తూ, ఇళ్ల అమ్మకాలు చూసే తన తండ్రి ఇచ్చిన తాళంచెవిని పాడుబడిన మైయర్స్ ఇంటి గుమ్మం దగ్గర పెట్టి వెళ్తుంది. తలుపు లోపల మైఖేల్ ఉన్నాడు. ఆమె వెళ్లిపోతుండగా అతని భుజం, ఊపిరి మాత్రమే మనకు తెలుస్తాయి. ఆమె చేసిన నేరం అంతే: ఆ పూట ఆ గుమ్మం తొక్కింది. ఆ స్థానంలో పాలబ్బాయి వచ్చి ఉంటే ఆ రాత్రి అతని వెంట పడేవాడేమో! ఆ సందేహమే చిత్రానికి ప్రాణం. మూడేళ్ల తరువాత వచ్చిన రెండో భాగం ‘ఆమె చెల్లెలు, అందుకే వెంటపడ్డాడు’ అని చెప్పగానే ఆ తాళంచెవికి పనిలేకుండా పోయింది. ఊరందరి నెత్తిన ఉన్న ప్రమాదం ఒక్క కుటుంబం గొడవగా కుదించుకుపోయింది. దర్శకుడు జాన్ కార్పెంటర్, నిర్మాత డెబ్రా హిల్ కలిసి రాసిన మొదటి కథలో చెల్లెలి ఊసే లేదు. రెండో భాగం రచన కూడా వాళ్లదే అయినా, ఆ మలుపు పట్ల తరువాతి కాలంలో కార్పెంటర్ స్వయంగా అసంతృప్తి చెప్పుకొన్నారు.

మొదటి చిత్రం ముగింపును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మైఖేల్‌కు చికిత్స చేసిన మానసిక వైద్యుడు లూమిస్ ఆరు గుళ్లు పేలుస్తాడు, మైఖేల్ మేడ మీదినుంచి కిందపడతాడు, తొంగిచూస్తే అక్కడ ఎవరూ ఉండరు. ఆ తరువాత కెమెరా వరుసగా ఖాళీ గదులను, మెట్లను, ఇంటి ముఖాలను చూపిస్తుంది. వెనుక ముసుగులోని ఊపిరి మాత్రం వినిపిస్తూ ఉంటుంది. నేను దీన్ని వీడియో క్యాసెట్ల రోజుల్లో, తిలక్ రోడ్డు దగ్గర ఒక బంధువుల ఇంట్లో చూశాను. అరిగిపోయిన ఆ క్యాసెట్‌లో చీకటి దృశ్యాలన్నీ బూడిద రంగు మడ్డిలాగా ఉండి, తెల్లని ముసుగు ఒక్కటే ఆనేది. ఆ రాత్రి పెరట్లోకి వెళ్లడానికి పెద్దవాళ్లను తోడు పిలిచానని ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. వాడు మా పెరట్లోకి రావడానికి నేను వాడి తమ్ముణ్ణి కానవసరం లేదు కదా!

2018 చిత్రం చేసిన మేలు ఇదే. చెల్లెలన్న మాట జనం అల్లుకున్న పుకారని ఒక పాత్ర చేత ఒక్క ముక్కలో అనిపించి, దారి శుభ్రం చేసుకుంది. నలభై ఏళ్లుగా ఇంటిని కోటలాగా కట్టుకుని, కూతురికి దూరమై బతుకుతున్న లారీగా జామీ లీ కర్టిస్ మళ్లీ నటించింది. దాని వెనుక వచ్చిన 2021, 2022 చిత్రాల గురించి ఎక్కువ చెప్పడం అనవసరం. ఒకటి ఊరిజనం మూకగా మారడాన్ని చూపిస్తూ అరుపులతో అలసిపోయింది. చివరిది మైఖేల్‌ను మూలన కూర్చోబెట్టి ఇంకొక కుర్రవాడి కథ నడిపి, టికెట్టు కొన్నవాళ్లకు కోపం తెప్పించింది.

మీ మిత్రుడికి ఒక ఊరట కూడా ఉంది. చెల్లెలన్న మాటను తీసేస్తే 1998 నాటి చిత్రం నిలవదు. పేరు మార్చుకుని ఒక పాఠశాలను నడుపుతూ, రోజూ అన్నకు భయపడే లారీ అందులో ఉంది. నా లెక్కలో అది మంచి చిత్రమే. మొదట 1978, తరువాత 2018 చిత్రాలను మీ మిత్రుడికి చూపించండి. మరుసటి వారం ఆయన మీకు 1978, 1981, 1998 చిత్రాలను వరుసగా చూపిస్తారు. మెస్ బిల్లు పందెం మాత్రం కాయకండి.

ప్రశ్న: అయ్యా, నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా మనుమడు ఈ చిత్రాలు చూస్తుంటే నేనూ రెండు మూడు చూశాను. ఒక భాగంలో చచ్చినవాడు తరువాతి భాగంలో లేచి వస్తాడు. ‘వాడు చచ్చినాడు కదబ్బా, మళ్లీ ఎట్లా వచ్చినాడు?’ అంటే మనుమడు నవ్వుతాడు. చేసిన కథనే మళ్లీ చేసి అమ్ముకోవడం కళ ఎట్లా అవుతుంది?
– ఒక తాతగారు, చిత్తూరు

సమాధానం: అయ్యా, చేసిన కథనే మళ్లీ చేయడం మన జిల్లావాళ్లకు కొత్త కాదు. ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్లలో పద్దెనిమిది రోజుల భారతం ఏటా జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రంతా వీధినాటకం, ఆఖరి రోజు నేల మీద మట్టితో చేసిన అంతపెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడు గద తిప్పుతూ పరుగులు తీయడం మీరు చిన్ననాటి నుంచీ చూసే ఉంటారు. తొడ ఎప్పుడు విరుగుతుందో పసిపిల్లవాడికి కూడా తెలుసు. తెలిసిన కథే కదా అని ఎవరూ ఇంట్లో కూర్చోరు. ఈ ఏడాది భీముడి వేషం ఎవరు కట్టారు, నిరుటివాడిలాగా గొంతు పలుకుతుందా అని చూడడానికే వెళ్తారు. నా దృష్టిలో రీమేక్ అంటే ఇదే. అది పాపం కాదు. కొత్తవాడు పాత వేషం కట్టి ఏం చేశాడన్నదే ప్రశ్న.

2007లో రాబ్ జాంబీ చేసిన రీమేక్‌ను నేను ఈ కొలతతోనే తూచి తక్కువ మార్కులు వేశాను. మొదటి చిత్రం ఆరేళ్ల పిల్లవాడు అక్కను పొడిచి చంపడాన్ని చూపించి, కారణం చెప్పకుండా వదిలేసింది. రీమేక్ ఆ పిల్లవాడి ఇంటి దరిద్రాన్ని, తల్లితో ఉంటున్నవాడి తిట్లను, బడిలో ఏడిపించినవాళ్లను పేజీలు పేజీలుగా వివరించింది. ఆ భాగం శ్రద్ధగానే తీశారు, పిల్లవాడి మీద జాలి కూడా కలుగుతుంది. కాని జాలిపడ్డవాణ్ణి చూసి అంతగా భయపడలేం.

ఇక మీరడిగిన చచ్చి లేచి రావడం దీనికి వేరు. అక్కడ మీ కోపంలో నేనూ పాలుపంచుకుంటాను. 1998 చిత్రం చివర లారీ గొడ్డలితో హంతకుడి తల నరికేస్తుంది. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లాడు. 2002లో వచ్చిన తరువాతి చిత్రం మొదట్లోనే ఒక సంజాయిషీ వినిపించింది: మైఖేల్ ఒక అంబులెన్సు ఉద్యోగి గొంతు నులిమి, మాట పెగలకుండా చేసి, తన ముసుగును అతనికి తగిలించి తప్పించుకున్నాడట, లారీ నరికింది ఆ అమాయకుణ్ణట! అంతటితో ఆగక లారీని కూడా అక్కడే చంపేశారు. భారతం ఆడేవాళ్లు ఏ ఊళ్లోనైనా మరుసటి ఏడు వచ్చి, ‘నిరుడు తొడ విరిగినవాడు దుర్యోధనుడు కాదు, అతని కిరీటం పెట్టుకున్న సారథి’ అంటారా? అంటే ఊళ్లోవాళ్లు సంభావన ఇస్తారా? కథను మొదటినుంచి మళ్లీ ఆడవచ్చు. ప్రేక్షకుడు ఒకసారి చెల్లించిన ముగింపును మాత్రం దొంగిలించకూడదు. మీ మనుమడు నవ్వినప్పుడు ఈ మాట అడిగి చూడండి.

ప్రశ్న: ఏటా తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం వేస్తాను. ఒళ్లంతా నామకొమ్ము పూసుకుని తెల్లగా తయారైతే పిల్లలు చుట్టూ చేరి నవ్వుతారు. మైఖేల్ ముసుగు కూడా తెల్లనిదే కదా, అది చూస్తే ఎందుకు ఒళ్లు జలదరిస్తుంది?
– ఒక వేషధారి, తిరుపతి

సమాధానం: మీ తెలుపు వెనుక మీరున్నారు. కళ్లు తిరుగుతాయి, నోరు తిడుతుంది, చేతిలో వేపమండ ఊగుతుంది. మైఖేల్ చిత్రమంతా ఒక్క మాట మాట్లాడడు. టైటిల్స్‌లో ముసుగు వేసుకున్న ఆ పాత్రకు పేరు కూడా ఇవ్వకుండా ‘ఆకారం’ అనే అర్థం వచ్చే మాట వేశారు.

ముసుగు కథ విచిత్రమైనది. చిత్రానికి పెట్టిన ఖర్చు సుమారు 3 లక్షల డాలర్లు కావడంతో కొత్త ముసుగు చేయించే స్తోమత లేదు. దుకాణంలో రెండు డాలర్ల లోపు ధరకు దొరికిన స్టార్ ట్రెక్ అనే టీవీ ధారావాహికలోని కెప్టెన్ కిర్క్ ముసుగును, అంటే నటుడు విలియం షాట్నర్ ముఖాన్ని, తెచ్చి కనుబొమ్మలు పీకేసి, కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్లరంగు కొట్టారు. జుట్టును చెదరగొట్టారు. లోపలి కళ్లు కనబడకుండా నల్లని గుంటలు మిగిలాయి. డబ్బు కరువు అక్కడితో ఆగలేదు. కథ జరిగేది ఆకులు రాలే అక్టోబరులో, చిత్రీకరణ జరిగింది కాలిఫోర్నియా వసంతంలో. అందుకని కాగితపు ఆకులకు రంగులు వేసి వీధిలో చల్లి, షాట్ అయ్యాక ఏరుకుని మళ్లీ వాడారు. శ్రద్ధగా చూస్తే వెనుక పచ్చని చెట్లు దొరికిపోతాయి.

గంగమ్మ కూడా రోజుకొక వేషంలో పాలెగాణ్ణి వెతుక్కుంటూ, చివరకు దొర వేషంలో వచ్చి అతణ్ణి బయటికి రప్పించిందని కదా మనవాళ్లు చెబుతారు. అక్కడ ముసుగు వెనుక ఎవరున్నారో, ఎందుకొచ్చారో జనానికి తెలుసు, అందుకే కొబ్బరికాయ కొడతారు. మైఖేల్ ముసుగు వెనుక ఏముందో తెలియదు. తరువాతి చిత్రాలు కొన్ని ఆ ముసుగును తీసి ముఖం చూపించి, భయాన్ని చేజేతులా పోగొట్టుకున్నాయి.

ప్రశ్న: మూడో భాగంలో మైఖేల్ లేడని అందరూ దాన్ని వదిలేయమంటున్నారు. నిజంగా వదిలేయాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: వదలకండి. ఏటా హాలోవీన్‌కు ఒక కొత్త కథ చెప్పాలన్న ఆలోచనతో 1982లో దాన్ని తీశారు. పిల్లలు పెట్టుకునే ముసుగులు తయారుచేసే ఒక కంపెనీ యజమాని టీవీ ప్రకటన ద్వారా పన్నే కుట్ర అందులోని కథ. మైఖేల్ కోసం వచ్చినవాళ్లు అతను కనబడక తిట్టుకుంటూ వెళ్లారు, వసూళ్లు పడిపోయాయి. అందుకే 1988లో నాలుగో భాగం పేరులోనే మైఖేల్ తిరిగొచ్చాడని చాటింపు వేయాల్సి వచ్చింది. ఆ ప్రయోగం నెగ్గి ఉంటే పై మూడు ఉత్తరాలు నాకు వచ్చేవి కావు. ఒక్క హెచ్చరిక: ఆ కంపెనీ ప్రకటనలో వచ్చే పాట రెండు రోజుల దాకా నోట్లోంచి పోదు, వంటింట్లో పాడుకుంటే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు.