నీ వ్యాసంలో ఆవిడ గొంతు వినపడలేదు

అమ్మాయీ,

ఆశీస్సులు. జపాన్ కార్టూన్లకు గొంతునిచ్చే నటి మసాకో నొజావా గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ" అన్నావు కాబట్టి చెబుతున్నాను. వ్యాసంలో పురస్కారాలు ఉన్నాయి, రికార్డులు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి. ఆవిడ మాత్రం లేదు.

మొదటి వాక్యమే చూడు. "2017లో గిన్నిస్ రికార్డులకెక్కిన ప్రఖ్యాత గాత్ర కళాకారిణి" అని మొదలుపెట్టావు. వీడియో గేముల్లో ఒకే పాత్రకు 23 ఏళ్ళ 218 రోజుల పాటు గొంతునిచ్చినందుకు వచ్చిన రికార్డు అది. ఆ 218 రోజుల దగ్గర నాకు నవ్వు వచ్చింది. గుమాస్తా లెక్క! ఇంతా చేసి, ఆ పాత్ర డ్రాగన్ బాల్ అనే కార్టూన్ కథలోని కుర్రవాడు గోకూ. వాణ్ణే టీవీలో ఆవిడ అప్పటికే 31 ఏళ్ళుగా పలుకుతోంది. అంటే నువ్వు గొప్ప అనుకుని ముందు పెట్టిన రికార్డు అసలు విషయం కంటే చిన్నది. దాన్ని చివరి పేజీకి పంపు. తీసేసినా నష్టం లేదు.

బాల్యానికి మూడు పేజీలు ఇచ్చావు. నాలుగు వాక్యాలు చాలు. 1936 అక్టోబరు 25న టోక్యోలో పుట్టింది. బంధువుల్లో ఒకావిడ సినిమా నటి కావడంతో మూడేళ్ళకే కెమెరా ముందు నిలబడింది. యుద్ధం రోజుల్లో గున్మా ప్రాంతానికి వెళ్ళి అక్కడ పెరిగింది. నాటకం కోసం టోక్యో తిరిగి వచ్చి తోగేయి అనే నాటక బృందంలో చేరింది. ఇంతే. ఆ చెర్రీ పూల వర్ణన ఎందుకమ్మా? జపాన్ అనగానే చెర్రీ పూలు రాయాలని మనకు ఎవరు చెప్పారో తెలియదు.

నిలబడాల్సిన చోటు ఆ తర్వాత వస్తుంది, నువ్వేమో అక్కడ పరుగెత్తావు. జపాన్‌లో టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో విదేశీ ధారావాహికలకు జపనీస్ మాటలు ప్రత్యక్ష ప్రసారంలోనే చెప్పేవారు. బొమ్మ అక్కడ నడుస్తుంటే నటులు స్టూడియోలో దాన్ని చూస్తూ మాట్లాడాలి. తడబడితే ఆ తడబాటు ఇంటింటికీ వెళ్ళిపోతుంది. ఒక కథలో అబ్బాయి పాత్ర వచ్చింది. చిన్న పిల్లవాణ్ణి తెచ్చి ప్రత్యక్ష ప్రసారంలో నిలబెట్టే ధైర్యం ఎవరికీ లేదు. కాస్త పెద్దవాణ్ణి తెద్దామంటే గొంతు మారిపోయి ఉంటుంది. అయితే ఆడవాళ్ళతో పలికిద్దాం అనుకున్నారు. అలా వచ్చిన పిలుపు మీద వెళ్ళిన రంగస్థల నటి ఈవిడ. జపాన్ యానిమేషన్‌లో అబ్బాయిలకు ఆడవాళ్ళు గొంతునివ్వడమనే ఇంత పెద్ద సంప్రదాయం వెనుక ఇటువంటి అవసరాలు ఉన్నాయి. దీన్ని నువ్వు "యాదృచ్ఛికంగా ఈ రంగంలో అడుగుపెట్టారు" అని ఆరు పదాల్లోపే తేల్చేశావు. యాదృచ్ఛికం అన్న మాట కనబడిన ప్రతిచోటా రచయిత ఏదో వెతకడం మానేశాడని నా అనుమానం.

ఇక ఒక మాట గురించి. వ్యాసం నిండా "గాత్రదానం" అని రాశావు. తప్పు కాదు, మన సినిమా వాళ్ళ మాటే, నేనూ వాడాను. కానీ ఒకసారి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విను. దానం! దానం చేసినవాళ్ళు పేరు అడగకూడదు, డబ్బు అసలే అడగకూడదు. జపనీయులు సెయ్యూ అంటారు. ఆ మాటలో గొంతు ఉంది, నటన ఉంది, దానం లేదు. 1973లో అక్కడి సెయ్యూలు సమ్మె చేశారు, టోక్యోలో ఊరేగింపు తీశారు. పారితోషికాలు సుమారు మూడు రెట్లు పెరిగాయి. పునఃప్రసారాలకు కూడా డబ్బు ఇవ్వాలని ఆ తర్వాతా పోరాడారు. ఇప్పుడు కూడా అడుగు మెట్టు మీద ఉన్న కొత్తవాళ్ళకు అరగంట భాగానికి 15,000 యెన్లు కట్టే పద్ధతి ఉంది. పలికింది ఒక్క మాటైనా వంద మాటలైనా అంతే. గుంపు సన్నివేశాల్లో వెనక వినపడే గోల కూడా వాళ్ళే చేయాలి. దాన్ని గాయా అంటారు. ఈ లెక్కలు వ్యాసంలోకి వస్తే "కళామతల్లి సేవ" అన్న నీ నాలుగో పేజీ దానంతట అదే రాలిపోతుంది.

ఆ 1973లోనే ఇంకొకటి జరిగింది. నువ్వు దాన్ని అధోజ్ఞాపికలో పెట్టినందుకు కోపం వచ్చింది. మన ఇళ్ళలో పిల్లలు అన్నం తింటూ చూసే డోరేమాన్ ఉందే, ఆ నీలం పిల్లి మొదటిసారి టీవీకి వచ్చింది ఆ ఏడాదే. ఆరు నెలలు నడిచి ఆగిపోయింది. మొదట ఒక మగ నటుడు, కోసేయి తోమితా, గొంతునిచ్చాడు. మధ్యలో మార్చి నొజావాకు ఇచ్చారు. తర్వాత 1979లో కొత్తగా మొదలైన డోరేమాన్‌కు నొబుయో ఒయామా గొంతు కుదిరింది. అది 2005 దాకా, 26 ఏళ్ళు సాగింది. జపాన్‌లో రెండు తరాలకు డోరేమాన్ అంటే ఒయామాయే. నొజావా డోరేమాన్ ఎవరికీ గుర్తు లేదు. ఒక పాత్ర చేతికి వచ్చి జారిపోవడం, అది మరొకరి పేరు మీద దేశమంతా స్థిరపడడం, అయినా మర్నాడు స్టూడియోకు వెళ్ళి ఇంకో అబ్బాయిగా మాట్లాడడం. ఇది వదిలేసి గిన్నిస్ పట్టుకున్నావు!

స్టూడియో గదిని కూడా నువ్వు చూపించలేదు. అక్కడ బొమ్మ ముందు, మాట తర్వాత. అఫురేకో అంటారు. పది పన్నెండుమంది నటులకు మూడు నాలుగు మైకులు ఉంటాయి. తమ వంతు రాగానే లేచి, చప్పుడు లేకుండా నడిచి, ఖాళీ అయిన మైకు ముందు నిలబడాలి. గలగలమనే బట్టలు కట్టకూడదు, గాజులు వేసుకోకూడదు, కాగితం తిప్పినట్టు తెలియకూడదు. చాలాసార్లు బొమ్మలు పూర్తి కావు. తెర మీద గీతలో పేరో కనబడినంతసేపు మాట్లాడి, అది పోగానే ఆగాలి. ముఖం లేని చోట ఏడవాలి. ఈ గదిలో నీ పాఠకుణ్ణి పది నిమిషాలు నిలబెట్టు, "అసమాన ప్రతిభ" అని నువ్వు చెప్పక్కర్లేదు.

విశేషణాల గురించి నా కథ ఒకటి చెప్పాలి. యౌవనంలో రేడియోకు నాటికలు రాసేవాణ్ణి. ప్రతి సంభాషణ ముందు "గద్గద స్వరంతో", "కోపం దిగమింగుకుంటూ" అని కుండలీకరణాల్లో రాసేవాణ్ణి. ఒక పెద్దావిడ, ఆకాశవాణి శ్రోతలకు గొంతుతో బాగా పరిచయమైన నటి, నా కాగితాలు తీసుకుని ఆ కుండలీకరణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేసింది. "ఇది నా పని బాబూ. మీరు మాట రాయండి, చాలు" అంది. చెవులు ఎర్రబడ్డాయి. నీ వ్యాసంలో "మంత్రముగ్ధుల్ని చేసే", "మాయ చేసే", "అమృతం లాంటి" అన్నవి మొత్తం పదిహేడు లెక్కపెట్టాను. ఆ రేడియో నటి బతికి ఉంటే పెన్సిలు నాకు అవసరం ఉండేది కాదు.

పైగా అమృతమట! నొజావాది అమృతం లాంటి గొంతు కాదు. కాస్త జీర ఉన్న, చెట్టెక్కి దూకే కుర్రవాడి గొంతు. నీ చెవితో విని రాయి.

"చిన్నపిల్లల గొంతును అద్భుతంగా అనుకరిస్తారు" అన్నది కూడా మార్చాలి. డ్రాగన్ బాల్‌లో గోకూ ఆవిడే, కొడుకులు గోహాన్, గోటెన్ ఆవిడే, గోకూ తండ్రి బార్డాక్ కూడా ఆవిడే. తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సన్నివేశాన్ని విడివిడిగా కాకుండా ఏకబిగిన పలుకుతుంది. ముందుగా పాత్రను కట్టుకుని వెళ్ళనని, తెర మీద ముఖం కనబడితే ఆ గొంతు వస్తుందని ఆవిడే చెప్పింది. మన హరికథ దాసుగారు రుక్మిణి అయి అడిగి, మెడ తిప్పేలోగా కృష్ణుడై జవాబు చెప్పడం చూశావా? ఆయన రుక్మిణిని అనుకరిస్తున్నాడని అనగలమా? అలాగే ఇది కూడా. అనుకరించేవాడికి నమూనా కావాలి. గోకూకు నమూనా ఎక్కడుంది? డ్రాగన్ బాల్ సృష్టికర్త అకిరా తొరియామా గీసిన బొమ్మ ఉంది, అంతే. ఆ గొంతును వినిపించగా విని ఎంచుకున్నది ఆయనే.

అప్పటికి ఆవిడ వయసు 49. ఈ ఒక్క అంకెను మాత్రం పెద్దగా రాయి. కిందటి ఉత్తరంలో, 27 ఏళ్ళు వచ్చాయి, ఇంకా ఒక పుస్తకమైనా రాలేదని వాపోయావు కదా. దానికి వేరే జవాబు రాయడం లేదు.

వ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నావు. నేనైతే 1968లో మొదలుపెడతాను. షిగెరు మిజుకీ గీసిన కితారో అనే దయ్యాల పిల్లవాడి కథ ఆ ఏడాది టీవీకి వచ్చింది. కితారోకు గొంతు నొజావా. వాడి తండ్రి శరీరం కుళ్ళిపోయి ఒక్క కన్ను మిగులుతుంది. ఆ కంటికే చిన్న కాళ్ళూ చేతులూ వచ్చి కొడుకును కనిపెట్టుకుని తిరుగుతుంది. ఆ కన్ను తండ్రికి గొంతు ఇసాము తనోనాకా. ఆయన దశాబ్దాల తరబడి ఆ పాత్రను పలికి 2010లో చనిపోయాడు. 2018లో కితారోను మళ్ళీ తీసినప్పుడు కొడుకుగా కొత్త నటి వచ్చింది. తండ్రి పాత్రకు నొజావాను పిలిచారు. సరిగ్గా యాభై ఏళ్ళ కింద ఏ గొంతును "నాన్నా" అని పిలిచిందో, ఆ గొంతు ఖాళీ చేసిన చోటికి వెళ్ళి నిలబడింది. దీని మీద వ్యాఖ్యానం రాయకు. రెండు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టి ఊరుకో.

ముగింపుకు నీ దగ్గర లేనిది ఒకటి ఇస్తాను. తొరియామా 2024 మార్చి 1న చనిపోయాడు. ఆయన కథ అల్లి, బొమ్మలు గీసి పెట్టిన డ్రాగన్ బాల్ డైమా అనే కొత్త ధారావాహిక అదే ఏడాది అక్టోబరు 11న మొదలైంది. అందులో గోకూ మళ్ళీ చిన్నపిల్లవాడైపోతాడు. ఆ పిల్లవాడికి మాటలిచ్చింది రెండు వారాల్లో 88 నిండబోతున్న నొజావా. మొదటి భాగం దొరికితే శబ్దం మాత్రమే విను, తెర చూడకు. విన్న వెంటనే ఏం తోచిందో రాసుకో, మర్నాటికి వాయిదా వేయకు.

రెండో ప్రతి వచ్చే నెలలోగా పంపు. అంచుల్లో ఖాళీ ఇంకాస్త వదులు, కిందటిసారి నా రాతకు చోటు చాలలేదు. మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు