మస్ట్, హావ్ టు: పిల్లలకు తేడా ఎలా చెప్పాలి?

'చెయ్యాలి' అనడానికి ఇంగ్లీషులో మస్ట్, హావ్ టు రెండూ వాడతాం కదా, చిన్నపిల్లలకు వాటి తేడా ఎలా చెప్పాలని అడిగారు.

మామూలు వాక్యాల్లో తేడా పలచనిదే. మాట్లాడే మనిషే గట్టిగా అనుకుంటే మస్ట్, బయటి నియమం వల్ల తప్పకపోతే హావ్ టు. చాలా చోట్ల ఏది వాడినా సరిపోతుంది కాబట్టి దీని గురించి పిల్లల్ని టెన్షన్ పెట్టొద్దు.

అసలు తిరకాసు వద్దని చెప్పే వాక్యాల్లో ఉంది. అక్కడ అర్థమే మారిపోతుంది. 'యూ మస్ట్ నాట్ ఓపెన్ ద బాక్స్' అంటే పెట్టె తెరవకూడదు. 'యూ డోంట్ హావ్ టు ఓపెన్ ద బాక్స్' అంటే తెరవక్కర్లేదు, కావాలంటే తెరుచుకోవచ్చు. నిజంగానే ఒక పెట్టె ముందు పెట్టి ఈ రెండూ మార్చి మార్చి చెప్పండి. మొదటిదానికి చేతులు వెనక్కి తీసుకోవాలి, రెండోదానికి వాళ్ల ఇష్టం. వ్యాకరణం పేర్లేవీ లేకుండా ఆటలోనే పట్టేస్తారు. 'కూడదు', 'అక్కర్లేదు' తేడా వాళ్లకు తెలుగులో ముందే తెలుసు, అది పెద్ద బలం.

జరిగిపోయిన పనికైతే మస్ట్ కుదరదు. 'నిన్న వెళ్లాల్సి వచ్చింది' అనాలంటే 'హాడ్ టు' వాడాల్సిందే.