ఈసీజీ నార్మల్ వచ్చినా గుండె దడ తగ్గలేదు, నాన్న 44 ఏళ్లకే ఉన్నట్టుండి పోయారు. ఇంకా పరీక్షలు అడగాలా?

అడగండి. మీ నాన్నగారు 44 ఏళ్లకే ఉన్నట్టుండి పోయారని రాశారు కాబట్టి తప్పకుండా అడగండి.

మా నాన్న పొలంలో మోటారు స్టార్టర్ దగ్గర కుప్పకూలిపోయారు. అప్పటికి 46 ఏళ్లు. అంతకుముందే మా పెదనాన్న నిద్రలో పోయారు. ఊళ్లో అందరూ గుండెపోటే అన్నారు, మేమూ నమ్మాం. నాకు 34 దాటాక, మెట్లెక్కుతుంటే గుండె ఒక్క క్షణం ఆగినట్టై గుభీమని కొట్టుకునేది. దగ్గర్లోని క్లినిక్‌లో ఈసీజీ తీసి, గ్యాస్ అన్నారు. ఆ మాట పట్టుకుని ఏడాది పోగొట్టుకున్నాను.

ఈసీజీ కాగితం మీద పడేది ఓ పది సెకన్లే. ఆ కాసేపట్లో దడ రాకపోతే అది దొరకదు. అయినా పాత కాగితాలు పారేయకండి. తర్వాత నేను వెళ్లిన కార్డియాలజిస్టు అదే ఈసీజీ మీద వేలు పెట్టి, "ఇక్కడ టీ వేవ్‌లు తలకిందులుగా ఉన్నాయి, చూడండి" అన్నారు. టీ వేవ్ అంటే ఈసీజీ గీతలో ప్రతి కొట్టుడు చివర కనిపించే చిన్న అల.

ఆయన హోల్టర్ పెట్టించారు, అంటే రోజంతా ఈసీజీ రికార్డు చేసే యంత్రం. ఛాతీ మీద వెంట్రుకలు గీకి, పట్టీలు అతికించి, నడుముకు చిన్న పెట్టె కట్టారు. 24 గంటలు స్నానం లేదు. దడ వచ్చినప్పుడల్లా టైము రాయమన్నారు. "సాయంత్రం 4:20, మెట్లు" అని రాశాను. రిపోర్టులో సరిగ్గా ఆ నిమిషంలో ఎక్టోపిక్ బీట్లు, అంటే లయ తప్పి ముందుగా పడే గుండె దెబ్బలు, వరసగా ఉన్నాయి. 2డీ ఎకోలో, అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్‌లో, గుండె గదుల మధ్య గోడ 18 మిల్లీమీటర్లు వచ్చింది. మామూలుగా పన్నెండు దాటదట. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అన్నారు, అంటే గుండె కండరం మందంగా పెరిగే జబ్బు. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నాను.

మీకూ ఇదే ఉంటుందని కాదు. చాలామందికి ఎక్టోపిక్స్ ఏ హానీ చెయ్యవు, థైరాయిడ్ వల్లో రక్తం తక్కువై కూడా దడ వస్తుంది, ఆ రక్తపరీక్షలూ చేయించండి. కానీ పరిగెత్తుతున్నప్పుడో బరువు ఎత్తుతున్నప్పుడో కళ్లు తిరిగి పడిపోతే అపాయింట్‌మెంటు కోసం ఆగకండి, 108కి ఫోన్ చేయించండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు అమ్మగారిని అడిగి ఒక కాగితం మీద రాసుకోండి: మీ వాళ్లలో ఎవరు, ఎన్నేళ్లకు, ఏం చేస్తుండగా పోయారో. నా విషయంలో డాక్టరు ఎక్కువసేపు చదివింది ఆ కాగితమే.

నాకున్న ఈ జబ్బు తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుందట. మా చెల్లికి ఎకో చేయించాం, ప్రస్తుతానికి బాగుంది. మా పాపకి పదేళ్లు. దానికి వచ్చే నెల.