ఫిజియోథెరపీలో లేస్తున్న చెయ్యి ఇంట్లో ఎందుకు లేవడం లేదు?

ప్రశ్న: మాది ఉరవకొండ దగ్గర పల్లె. మా నాయనకు 61 ఏళ్లు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. ఇప్పుడు కర్ర ఊతంతో నడుస్తున్నారు. వారానికి రెండుసార్లు అనంతపురంలో ఫిజియోథెరపీ చేయిస్తున్నాము. అక్కడ కుడి చేత్తో గ్లాసు పట్టుకొని ఎత్తుతారు, ఇంటికొస్తే ఆ చెయ్యి ఒళ్లోనే ఉంటుంది. ఎడమ చేత్తో తినడానికి మనసొప్పక అమ్మ చేత తినిపించుకుంటున్నారు. చెయ్యి నిజంగా బాగవుతోందో లేదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి? స్మార్ట్ వాచీ కడితే తెలుస్తుందా?

– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

సలహా: మీరు గమనించిన తేడా చాలా ముఖ్యమైనది. చెయ్యి ఎంత పని చేయగలదన్నది ఒక విషయం, రోజంతా ఎంత పని చేస్తోందన్నది మరొక విషయం. ఫిజియోథెరపీ గదిలో మొదటిది కనిపిస్తుంది, రెండవది ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. పక్షవాతం వచ్చిన తొలి వారాల్లో కుడి చేత్తో ఏ పని మొదలుపెట్టినా జారిపోతుంది, అదే పని ఎడమ చేత్తో వెంటనే అయిపోతుంది. ఇలా పదేపదే జరిగేసరికి, తర్వాత బలం కొంత తిరిగి వచ్చినా, ఆ చేతిని వాడకపోవడమే అలవాటుగా స్థిరపడుతుంది. మీ నాన్నగారిది బద్ధకమని దయచేసి అనుకోకండి.

కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉండి ఆ తర్వాత నెమ్మదిస్తుందే తప్ప ఆగిపోదు. నాలుగో నెలలో ఉన్నవారి విషయంలో ఆశ వదులుకోవడానికి ఏ కారణమూ లేదు.

ఇంట్లో లెక్క చూడడానికి ఒక నోటుపుస్తకం చాలు. పక్షవాతానికి ముందు ఆయన రోజూ చేసిన పనులు పది రాయండి. సంగటి తుంచి పప్పులో అద్దుకొని నోటికి తెచ్చుకోవడం, చెంబు ఎత్తడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, లుంగీ బిగించుకోవడం, తువ్వాలు పిండడం, తలుపు గొళ్లెం తీయడం, చెనక్కాయలు ఒలవడం వంటివి. వారానికొకసారి, ఒకే రోజున, ఒక్కొక్క పనికి రెండు ప్రశ్నలు వేసుకొని 0 నుంచి 5 దాకా మార్కులు వేయండి. ఈ వారం ఆ పనికి కుడి చేతిని ఎంతగా వాడారు, వాడినప్పుడు పని ఎంత బాగా జరిగింది? అసలు వాడకపోతే 0, మునుపటిలో సగం వాడితే 3, మునుపటిలాగే వాడితే 5. పక్షవాతం వైద్యంలో నిపుణులు వాడే మోటార్ యాక్టివిటీ లాగ్ అనే ప్రశ్నావళికి మూలం ఇదే. మార్కులు ఆయన ఒకసారి, మీ అమ్మగారు ఒకసారి విడివిడిగా వేస్తే మంచిది, ఎందుకంటే ఇద్దరి లెక్కలూ కలవని చోటే మాట్లాడుకోవలసింది ఉంటుంది. జ్వరం, నిద్రలేమి, అలసట ఉన్న రోజున చెయ్యి మందగించడం మామూలే కనుక ఏ రోజుకారోజు పోల్చి కుంగిపోవద్దు.

పని జరిగిందా లేదా అన్నదానితోపాటు ఎలా జరిగిందన్నది కూడా చూడండి. చెంబు అందుకోవడానికి నడుము ముందుకు వంచి, భుజాన్ని చెవి దాకా ఎగరేస్తే, చెయ్యి చేయవలసిన పనిని ఒళ్లు చేస్తోందని అర్థం. రెండు వారాలకొకసారి అదే కుర్చీలో కూర్చోబెట్టి, చెంబును అంతే దూరంలో ఉంచి, పక్క నుంచి ఫోనులో వీడియో తీయండి. వీపు కుర్చీకి ఆనే ఉండి మోచెయ్యి మునుపటికన్నా చాచుకుంటే అది నిజమైన మెరుగుదల. మార్కులు మారకపోయినా వీడియోలో ఈ తేడా ముందుగా కనిపించవచ్చు.

ఇక స్మార్ట్ వాచీ సంగతి. ఒక్క చేతికి కట్టిన వాచీ కదలికను లెక్కిస్తుందే కాని పనిని లెక్కించదు. నడిచేటప్పుడు చెయ్యి ఊగినా అది కదలికే. అందుకే పరిశోధకులు రెండు మణికట్లకూ కదలికను కొలిచే పరికరాలు కట్టి పోల్చి చూస్తారు. ఆరోగ్యవంతుల్లో రెండు చేతులూ రోజులో దాదాపు సమానంగా కదులుతాయి, ఆ నిష్పత్తి సుమారు 0.95. కుడిచేతి వాటం వారిలోనూ అంతే. మీరు వాచీ కోసం డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం.

మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతినే వాడించే చికిత్స ఒకటుంది. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిపై అమెరికాలో జరిపి 2006లో ప్రచురించిన పరిశోధనలో, రెండు వారాల ఈ చికిత్సతో వచ్చిన మేలు ఏడాది తర్వాత కూడా నిలిచింది. అయితే మణికట్టు, వేళ్లు కొంతైనా వాటంతట అవి పైకి లేవగలిగినవారికే ఇది తగినది. మీ నాన్నగారు ఎడమ చేత్తో కర్ర పట్టుకుంటారు కాబట్టి ఆ చేతిని మీరుగా కట్టేయకండి, పడిపోతారు. భోజనం దగ్గర మొదలుపెట్టండి. మొదటి నాలుగు ముద్దలు ఆయన కుడి చేత్తోనే తినాలి, ఎంత సేపు పట్టినా, కింద ఒలికినా, తర్వాతే అమ్మగారు తినిపించాలి. స్పర్శ తగ్గి ఉంటే వేడి తెలియదు కనుక సంగటిని చల్లార్చి పెట్టండి. ఆయనను లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగవద్దు, భుజం కీలు దెబ్బతింటుంది.

మార్కులు నెమ్మదిగా తగ్గుతుంటే వేళ్లు బిగుసుకుపోవడమో, భుజం నొప్పో, మనసు కుంగిపోవడమో కారణం కావచ్చు. పక్షవాతం తర్వాత సుమారు ముగ్గురిలో ఒకరికి కుంగుబాటు వస్తుంది, దానికి మందులున్నాయి. కాని చెయ్యి హఠాత్తుగా చచ్చుబడినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా రేపటిదాకా ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. బీపీ, షుగర్ మందులు ఒక్క పూట కూడా మానవద్దు.

నాలుగు వారాల మార్కులు పూర్తయ్యాక ఆ పుస్తకాన్నీ, వీడియోలనూ ఫిజియోథెరపిస్టుకు చూపించండి. సున్నా దగ్గరే ఆగిన పని ఏదో చెప్పి, గ్లాసుకు బదులు ఆ పనినే అక్కడ సాధన చేయించమని అడగండి.