తలలు మారిన కథకి ఒపేరా కట్టిన పెగ్గీ

ప్రశ్న: మేడం నమస్తే. పోయిన నెల బెంగళూరు జేపీ నగర్ రంగశంకరలో 'హయవదన' నాటకం చూశాం, మావారి ఆఫీసులో కన్నడ ఫ్రెండ్స్ టికెట్లు తెచ్చారు. అయిపోయాక బయట కాఫీ తాగుతుంటే వాళ్లలో ఒకాయన ఈ తలలు మారిన కథనే ఎప్పుడో ఒక విదేశీ ఆవిడ ఒపేరాగా చేసిందన్నాడు, పేరు మాత్రం ఆయనకి గుర్తు రాలేదు. మన భేతాళుడి కథ అంత దూరం ఎట్లా పోయింది? ఆవిడెవరు? మన సంగీతం ఏమైనా వాడిందా?
– ఒక పాఠకురాలు, జయనగర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి ఎంత సంతోషమేసిందో చెప్పలేను, ఎందుకంటే ఈవిడ గురించి ఎవరైనా అడిగితే బాగుండని నేను చాలా రోజులుగా ఎదురుచూస్తున్నా. ఆవిడ పేరు పెగ్గీ గ్లాన్‌విల్-హిక్స్. 1912లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో పుట్టింది. ఒపేరా అంటే పాటల్లో నడిచే పాశ్చాత్య సంగీత నాటకం. ఈవిడ ఒపేరా పేరు 'ది ట్రాన్స్‌పోజ్డ్ హెడ్స్', అంటే తారుమారైన తలలు, 1954లో అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయివిల్ ఊళ్లో మొదటిసారి ఆడారు.

ముందు కథ సంగతి. కాశ్మీరులో సోమదేవుడు 11వ శతాబ్దంలో రాసిన కథాసరిత్సాగరంలో భేతాళుడు విక్రముణ్ని అడుగుతాడు కదా, అమ్మవారి గుళ్లో ఇద్దరు తలలు నరుక్కుంటే ఆ పిల్ల కంగారులో ఒకడి తల ఇంకొకడి మొండేనికి పెట్టేస్తుంది, ఇప్పుడు మొగుడెవడు అని. రాజు, అవయవాలన్నిట్లో తలే ముఖ్యం కాబట్టి మొగుడి తల ఎవరికుంటే వాడే మొగుడు అని తేల్చేస్తాడు. మనకి కథ అక్కడితో అయిపోతుంది. జర్మనీలో హైన్రిఖ్ జిమ్మర్ అని భారతీయ పురాణాల మీద పనిచేసిన పండితుడు ఉండేవాడు, ఆయన రాసినదాంట్లోంచి ఈ కథ థామస్ మన్‌కి దొరికింది. మన్ దాన్ని 1940లో చిన్న నవలగా రాశాడు, హిట్లర్ వచ్చాక దేశం వదిలి అప్పటికి అమెరికాలో ఉంటున్నాడు. ఆయన మాత్రం రాజుగారి తీర్పు దగ్గర ఆగలేదు. తల మారినా కొన్నాళ్లకి ఒళ్లు కూడా ఆ తలకి తగ్గట్టు మారిపోతూ వస్తుంది, చదువుకున్నవాడి తల కింద పడ్డ కండలు తిరిగిన ఒళ్లు మెల్లగా మెత్తబడిపోతుంది, పాపం ఆ పిల్ల (మన్ నవల్లో ఆమె పేరు సీత) కోరుకున్నది మళ్లీ చేతికి దొరకదు. గిరీశ్ కర్నాడ్‌గారు 1971లో హయవదన రాసినప్పుడు తీసుకున్నది కూడా ఈ మన్ దారినే. అంటే మీరు జేపీ నగర్‌లో చూసిన కథ కాశ్మీరులో బయల్దేరి జర్మనీ, అమెరికా అన్నీ తిరిగి కన్నడలోకి ఇంటికొచ్చిందన్నమాట, ఆ ప్రయాణంలో మధ్యలో ఒక మజిలీ మన పెగ్గీ.

ఆవిడ జీవితం కూడా మజిలీలే. 20 ఏళ్లు నిండకముందే స్కాలర్‌షిప్పు మీద ఓడెక్కి లండన్ వెళ్లి 1932లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరింది, అక్కడ వాన్ విలియమ్స్ అనే ఇంగ్లీషు కంపోజర్ దగ్గర కంపోజిషన్, అంటే సంగీత రచన, నేర్చుకుంది. తర్వాత వియన్నాలో వెల్లెస్, పారిస్‌లో నాడియా బౌలాంజే, ఇద్దరూ పెద్ద గురువులే. 1938లో లండన్‌లో సమకాలీన సంగీతానికి అంతర్జాతీయ ఉత్సవం జరిగితే దాంట్లో ఆవిడ కోరస్ రచన ఒకటి పాడారు, ఆ ఉత్సవంలో చోటు దొరికిన మొదటి ఆస్ట్రేలియా కంపోజర్ ఆవిడే. యుద్ధం రోజుల్లో న్యూయార్క్ చేరి అక్కడే ఉండిపోయి 1949లో అమెరికా పౌరురాలైంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, మన సంగీతం వాడిందా అని. వాడింది. ఒపేరాలో చాలా వరసలు భారతీయ జానపద బాణీల నుంచి స్వేచ్ఛగా తీసుకున్నవి. మాటలు కూడా మన్ నవల ఇంగ్లీషు అనువాదం నుంచి తనే కూర్చుకుంది, అంటే మన భాషలో ఆ పనికి వాగ్గేయకారిణి అనొచ్చు. కానీ ఒక మాట ముందే చెప్తా, మీరు చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో రామనవమి కచేరీలు వింటూ పెరిగినవాళ్లైతే దీంట్లో శంకరాభరణమో కల్యాణో వెతుక్కోవద్దు, స్వరాన్ని ఊపి పాడే గమకం ఉండదు, గొంతులు ఒపేరా గొంతులే. నేను మొదటిసారి అట్లా వెతికే నిరాశపడ్డా. రెండోసారి వెతకడం మానేసి విన్నాక, ఆ వరస ఎట్లా ఒంటరిగా నిలబడుతుందో, కింద తాళవాద్యాలు దాన్ని ఎట్లా నడిపిస్తాయో వినబడింది, అప్పట్నుంచి ఈవిడంటే నాకు చాలా ఇష్టం.

ప్రశ్న: నేను రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని, గాయన సమాజలో కచేరీలు వదలను. ఈమధ్య మీ కాలమ్‌లో ఒక విదేశీ కంపోజర్ హార్మొనీ పక్కనపెట్టి రాగతాళాలకి దగ్గరగా వచ్చిందని ఒక వాక్యం రాసి వదిలేశారు. హార్మొనీ లేకపోతే అది పాశ్చాత్య సంగీతం ఎట్లా అవుతుంది? వివరించగలరు.
– ఒక పాఠకుడు, మల్లేశ్వరం

జవాబు: అయ్యా, నేను రాసింది ఈ పెగ్గీ గురించే, వివరం ఇవ్వకుండా వదిలేయడం నా తప్పే.

హార్మొనీ అంటే మీకు తెలిసిందే, రెండు మూడు స్వరాలు ఒకేసారి మోగడం, ఒక గుంపు స్వరాల నుంచి ఇంకో గుంపుకి వెళ్తుంటే ఆ కదలికే పాటని ముందుకి లాగుతుంది. మనకి ఆ పని రాగంలో సంచారమూ తాళంలో లెక్కా చేస్తాయి, వెనక తంబురా ఒకటే శృతి పట్టుకుని కూర్చుంటుంది. 20వ శతాబ్దం మొదట్లో యూరప్‌లో ఈ హార్మొనీ చాలా జటిలమైపోయి, షోన్‌బర్గ్ లాంటి కంపోజర్లు 12 స్వరాలకీ సమాన హోదా ఇచ్చి ఏ స్వరమూ ఆధారం కాకుండా రాయడం మొదలుపెట్టారు. పెగ్గీ చదువుకున్నది ఆ గాలిలోనే, వెల్లెస్ స్వయంగా షోన్‌బర్గ్ శిష్యుడు. ఆవిడకి ఆ దారి నచ్చలేదు, అట్లాగని వెనక్కిపోయి పాత తియ్యటి సంగీతం రాయడం కూడా నచ్చలేదు. హార్మొనీని బాగా తగ్గించేసి వరసా లయా ఈ రెంటినే మూలస్తంభాలుగా పెట్టుకుంటే కొత్త దారి దొరుకుతుందని తేల్చుకుంది, ఆసియా సంగీతాల్లో, పురాతన సంగీతాల్లో అంతే కదా అని. అందుకే ఆవిడ ఆర్కెస్ట్రాలో తీగవాద్యాల గుంపు కంటే తాళవాద్యాలకి పెద్దపీట ఉంటుంది. డప్పు రకాలు, గంటలు, జైలోఫోన్.

మరి ఇది పాశ్చాత్యమేనా అంటే, ప్రతి స్వరం కాగితం మీద రాసి ఉంటుంది, వాయించేవాళ్లు అది చూసి వాయిస్తారు, అప్పటికప్పుడు కల్పించుకునే మనోధర్మం ఉండదు. కాబట్టి పాశ్చాత్యమే. నాకు అనిపించేది ఏంటంటే, మన ముత్తుస్వామి దీక్షితులవారు మద్రాసులో ఇంగ్లీషు బ్యాండు విని ఆ ట్యూన్లకి సంస్కృతంలో నోట్టుస్వర సాహిత్యాలు రాయలా? ఆయన దీక్షితులుగానే ఉన్నారు. ఇది అదే రోడ్డు, అటునుంచి ఇటు నడిచినట్టు. త్యాగయ్యగారు తెలుగులో పాడుకుంటూ కావేరి ఒడ్డున బతికారు, మన మైసూరు మహారాజు జయచామరాజ ఒడెయర్‌గారు ఒకపక్క కృతులు రాస్తూ ఇంకోపక్క లండన్‌లో స్థిరపడ్డ రష్యన్ కంపోజర్ మెట్నర్ రచనలు రికార్డు చేయించడానికి డబ్బిచ్చారు. సంగీతం ఎప్పుడూ పక్కింటి గోడ మీద నుంచి వినబడినదే కదా సార్.

ప్రశ్న: అక్కా, మా పాప బీకామ్ ఫైనల్ ఇయర్, పియానో ఎనిమిదో గ్రేడ్ అయిపోయింది. ఇప్పుడు కంపోజిషన్ చదవడానికి ఫారిన్ పోతానంటోంది. మేం కడప నుంచి పదేళ్ల కింద ఇక్కడికొచ్చి సొంత ఇల్లు కట్టుకోడానికే ఇంత కష్టపడ్డాం, సంగీతం కూడు పెడుతుందా అని వాళ్ల నాన్న కోపం. ఆడపిల్ల ఒక్కతే పరాయి దేశంలో కంపోజర్‌గా బతికిన ఉదాహరణ ఏదైనా ఉంటే చెప్పండి, నిజం చెప్పండి.
– ఒక తల్లి, కేఆర్ పురం

జవాబు: చెల్లీ, నిజమే చెప్తా. ఈ వారం అంతా పెగ్గీ గురించే నడుస్తోంది కాబట్టి ఆవిడ లెక్కే చూద్దాం. న్యూయార్క్‌లో ఆవిడకి కూడు పెట్టింది కంపోజిషన్ కాదు, కలం. 1947 నుంచి 1955 దాకా హెరాల్డ్ ట్రిబ్యూన్ పేపర్లో సంగీత విమర్శలు రాసింది, సీజన్‌లో సాయంత్రం కచేరీకి పోవడం, ఆ రాత్రే రాసి పంపడం, పొద్దున అచ్చులో చూసుకోవడం. గ్రోవ్ సంగీత నిఘంటువు 1954 ఎడిషన్‌కి అమెరికన్ కంపోజర్ల మీద బోలెడు వ్యాసాలు రాసింది. వేరేవాళ్ల సంగీతానికి కచేరీలు ఏర్పాటు చేసింది. అంటే పగలూ రాత్రీ పక్కవాళ్ల సంగీతం గురించి. పెళ్లి అంతకుముందే, బేట్ అనే ఇంగ్లీషు కంపోజర్‌ని 1938లో చేసుకుంది, 1949లో విడాకులు.

కానీ చూడు, మంచి రచనలన్నీ కూడా ఆ ఏళ్లలోనే పుట్టాయి. హార్ప్ అనే తీగవాద్యానికి సొనాటా, మొరాకో ఉత్తరాల పాటలు, ఈ ఒపేరా, పియానో ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే ఎట్రుస్కన్ కాన్‌చెర్టో. ఒపేరా ఎట్లా వచ్చిందో తెలుసా, లూయివిల్ ఆర్కెస్ట్రాకి 1953లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 4 లక్షల డాలర్లు ఇచ్చింది, కొత్త రచనలు రాయించి, వాయించి, రికార్డు చేయమని. పెద్ద ఊళ్లో పెద్ద ఆర్కెస్ట్రా కాదు అది, ఒక మామూలు ఊరి ఆర్కెస్ట్రా. ఆ తలుపు తెరుచుకున్న టైముకి ఈవిడ చేతిలో పని సిద్ధంగా ఉంది, అడిగినవాళ్లకి పేరు తెలుసు, ఎందుకంటే రోజూ పేపర్లో ఉండేది.

నేను మీ పాపకి చెప్పేది ఇది. ఫారిన్ దరఖాస్తులు పెట్టు, మంచిదే, కానీ దాంట్లో తను రాసిన స్కోర్లూ (స్వరాలు రాసిన కాగితాలు) వాయించిన రికార్డింగులూ అడుగుతారు, పియానో గ్రేడ్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. కాబట్టి ఇప్పుడే రాయడం మొదలుపెట్టు. ఆర్కెస్ట్రాకి కాదు, నలుగురికి. వయొలిన్ వాయించే క్లాస్‌మేట్ ఒకరు, చర్చి కోయిర్‌లో పాడే అమ్మాయిలు ఇద్దరు, మీ వీధిలో మృదంగం నేర్చుకునే పిల్లాడు, వీళ్లకి ఐదు నిమిషాల ముక్క రాసి, వాళ్లు తడబడుతూ వాయిస్తే కూర్చుని వినాలి, కాగితం మీద బాగున్నది గదిలో ఎందుకు బాగోలేదో అప్పుడే తెలుస్తుంది. ఈ ఊళ్లో బెంగళూరు స్కూల్ ఆఫ్ మ్యూజిక్ 1987 నుంచి ఉంది, అట్లాంటి చోట వాయించేవాళ్లు దొరుకుతారు. బీకామ్ మాత్రం పూర్తి చేయనివ్వు, ఆగిపోవడానికి కాదు, కూటికి ఒక దారి చేతిలో ఉంటే రాత్రిపూట తనకి నచ్చింది రాసుకోగలదు. వాళ్ల నాన్నగారి భయం తప్పు కాదని నా మాటగా చెప్పు, ఆయన కడప నుంచి కట్టుబట్టలతో వచ్చిన మనిషి కదా. అదే మాటతో ఇంకొకటి కూడా చెప్పు, ఊరు వదిలి కొత్త చోట నిలదొక్కుకోవడం ఎట్లాగో ఆ పిల్ల నేర్చుకుంది ఆయన్ని చూసే.

ప్రశ్న: మేడం, మీరు గ్రూప్‌లో పెట్టిన ఎట్రుస్కన్ కాన్‌చెర్టో విన్నా, రెండు రోజులుగా అదే తిరుగుతోంది బుర్రలో. ఇంకేం వినాలి? ఆవిడ చివరిదాకా రాస్తూనే ఉందా?
– ఒక విద్యార్థి, బీటీఎం లేఅవుట్

జవాబు: బాబూ, మంచిచోటే మొదలుపెట్టావు. జాజ్ పియానిస్టు కీత్ జారెట్ వాయించిన రికార్డింగ్ కూడా ఉంది దానికి, అది వెతుక్కుని విను. తర్వాత హార్ప్ సొనాటా, చిన్నది, ఒక్క వాద్యమే కాబట్టి వరస ఎట్లా కడుతుందో స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాత ఒపేరా.

చివరిదాకా రాయలేదు, అదే బాధ. 1950ల చివర్లో గ్రీసు వైపు వెళ్లిపోయింది, అక్కడి జానపద సంగీతం మీద పనిచేసి 'నౌసికా' అనే ఒపేరా రాస్తే 1961లో ఏథెన్స్‌లో అక్రోపొలిస్ కింద ఉన్న పాతకాలపు రాతి రంగస్థలంలో ఆడారు, నాయిక పాత్ర అప్పటికి ఇంకా చిన్నవయసు గాయని టెరిసా స్ట్రాటాస్ పాడింది. ఆ ఊపులో శాన్‌ఫ్రాన్సిస్కో కోసం 'సాఫో' రాసింది, 1963లో. అది వాళ్లు వేయలేదు. ఆవిడ బతికుండగా ఎక్కడా ఎవరూ వేయలేదు, పూర్తి రికార్డింగ్ వచ్చేసరికి 2012 అయింది, ఆవిడ పోయి 22 ఏళ్లు. అంత పెద్ద స్కోరు రాసినావిడ ఒక్కసారి కూడా అది మోగగా వినలేదంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఆ తర్వాత కొన్నేళ్లకే మెదడులో కణితి, ఆపరేషన్ అయింది, బతికింది, కానీ పెద్ద రచనలు ఆగిపోయాయి.

1970ల మధ్యలో ఆస్ట్రేలియా తిరిగెళ్లింది, 20 ఏళ్లప్పుడు వదిలిన దేశం 60 దాటాక. మెల్‌బోర్న్ కాదు, సిడ్నీలో ప్యాడింగ్టన్ అనే పేటలో ఇల్లు తీసుకుంది. 1990లో అక్కడే పోయింది. పోయేముందు ఆ ఇంటిని కంపోజర్లకి రాసిపెట్టింది. ఆవిడ పోయాక ఒక్కొక్క కంపోజర్ కొన్నాళ్లు వచ్చి ఆ ఇంట్లో ఉండి అద్దె బెంగ లేకుండా రాసుకుని వెళ్లేవాళ్లు.