అద్దె గొడవ దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియం ఆన్‌ఫీల్డ్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టం కనిపిస్తోంది, భాష కూడా బాగుంది. కానీ మొదటి పేజీ నిండా లివర్‌పూల్ గెలిచిన కప్పులే ఉన్నాయి. అవి జట్టు చరిత్రలో రాసుకో. స్టేడియం గురించి రాసేటప్పుడు నాకు కావాల్సింది ఆ నేల ఎవరిది, అద్దె ఎవరు కట్టారు, వెనక వీధిలో ఎవరు కాపురం ఉన్నారు అనేది. నీ దగ్గర ఆ సమాచారం లేక కాదు, ఉన్నదాన్నంతా తీసుకెళ్ళి నాలుగో పేరాలో కుక్కేశావు.

1884లో ఆ గ్రౌండ్‌లో ఆడటం మొదలుపెట్టింది లివర్‌పూల్ కాదు, అదే ఊరి మరో క్లబ్బు ఎవర్టన్. ఈ ముక్క నువ్వు సగం వాక్యంలో చెప్పి వదిలేశావు, నేనైతే అక్కడే మొదలుపెడతాను. జాన్ హౌల్డింగ్ అని బీరు తయారీ వ్యాపారి, ఊళ్ళో రాజకీయ నాయకుడు కూడా, ఆయనే ఆ నేల కొని ఎవర్టన్‌కు ఇంటి ఓనరు అయ్యాడు. ఆటగాళ్ళు బట్టలు మార్చుకునేది ఆయన శాండన్ హోటల్లోనే. ఏడాదికి 100 పౌండ్లున్న అద్దె కొన్నేళ్ళకే 250కి పెరిగింది, పైగా గ్రౌండ్‌లో తిండీ తాగుడూ అమ్ముకునే హక్కు కూడా తన చేతిలోనే ఉండాలన్నాడు. 1891లో ఎవర్టన్ లీగ్ గెలిచింది, అంటే ఆన్‌ఫీల్డ్‌కు వచ్చిన మొదటి టైటిల్ ఎవర్టన్‌దే (ఇది లివర్‌పూల్ అభిమానుల ముందు కాస్త మెల్లగా చెప్పు). మరుసటి ఏడాది గొడవ ముదిరి వాళ్ళు సామాను సర్దుకుని స్టాన్లీ పార్కుకు అవతల ఉన్న గుడిసన్ పార్కుకు వెళ్ళిపోయారు. హౌల్డింగ్‌కు గ్రౌండ్ మిగిలింది, ఆడేవాళ్ళు లేరు. దాంతో 1892లో తనే ఒక టీమ్ పెట్టాడు. ఎవర్టన్ పేరే వాడుకుందామని చూశాడు, కుదరనివ్వలేదు, అప్పుడు లివర్‌పూల్ అన్నాడు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసిన కోపంలో ఇంత పెద్ద క్లబ్బు పుట్టిందంటే ఏ పాఠకుడు పేజీ తిప్పకుండా ఉంటాడు చెప్పు!

ఇక కాప్, గోల్ వెనక ఉన్న ఆ పెద్ద స్టాండ్. 1906లో మట్టీ బొగ్గు బూడిదా పోసి ఒక చివర పెద్ద దిబ్బ లేపారు, జనం నిలబడి చూడ్డానికి. దానికి స్పయన్ కాప్ అని పేరు పెట్టమన్నది ఎర్నెస్ట్ ఎడ్వర్డ్స్ అనే స్థానిక పత్రికా స్పోర్ట్స్ ఎడిటర్. 1900 జనవరిలో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో ఆ పేరుగల కొండ మీద బ్రిటిష్ సైన్యం బోయర్ల (అక్కడ స్థిరపడ్డ డచ్ సంతతివాళ్ళు) చేతిలో చావుదెబ్బ తింది, చనిపోయిన సైనికుల్లో అప్పట్లో లివర్‌పూల్ ఉన్న లాంకషైర్ ప్రాంతపు కుర్రాళ్ళు చాలామంది. నువ్వు "యుద్ధవీరుల జ్ఞాపకార్థం" అని రాసి ముందుకు వెళ్ళిపోయావు. ఆగు కాసేపు. ఆ కొండ కింద గాయపడినవాళ్ళను స్ట్రెచర్ల మీద మోసినవాళ్ళలో గాంధీ ఉన్నాడు. ఆయన కూడగట్టిన భారతీయ అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది, ఎక్కువమంది ఒప్పంద కూలీలు, రోజుకు 20, 25 మైళ్ళు నడిచిన రోజులున్నాయి. నేటాల్ చెరకు తోటలకు ఓడలెక్కి వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారని నీకు తెలుసు కదా. టీవీలో ఎర్ర స్కార్ఫులు ఊపుతున్న ఆ స్టాండ్ పేరు వెనక ఈ కథ ఉందని మనవాళ్ళకు తెలుగులో నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

అయితే ఇక్కడో గుంట ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. ఓసారి "ప్రపంచంలో మొట్టమొదటి కాప్" అని ఆన్‌ఫీల్డ్ గురించి ధీమాగా రాసేశాను. వారం తిరక్కుండా ఓ పెద్దాయన కార్డు ముక్క మీద ఒక్క లైను రాసి పంపాడు: "అంతకు రెండేళ్ళ ముందే ఆర్సెనల్ పాత గ్రౌండ్‌లో ఒక దిబ్బను అలా పిలిచేవారు." నిజమే, ప్లమ్‌స్టెడ్‌లోని మేనర్ గ్రౌండ్‌లో 1904లోనే పిలిచారు. అప్పట్నుంచి "మొట్టమొదటి" అని రాయబోతే చెయ్యి దానంతటదే ఆగుతుంది. నీ వ్యాసంలో ఆ మాట ఐదుసార్లుంది, లెక్కపెట్టాను.

అంకెల సంగతి కూడా ఇంతే. తొక్కిసలాటలో లివర్‌పూల్ అభిమానులు చనిపోయిన హిల్స్‌బరో స్టేడియం దుర్ఘటనలో 96 మంది అని రాశావు, పాత వ్యాసం ఏదో చూసి ఉంటావు. 1989లో గాయపడిన ఒక అభిమాని 2021లో చనిపోయాడు, అది కూడా ఆ దుర్ఘటన కారణంగానే అని తేల్చారు, ఇప్పుడు 97. ఈ తప్పు మాత్రం అచ్చులో పోనివ్వకు, ఆ ఇంటివాళ్ళు చదువుతారు. ఇంకోటి, అది జరిగింది షెఫీల్డ్‌లో, నీ వాక్యం చదివితే ఆన్‌ఫీల్డ్‌లో జరిగినట్టుంది. ఆన్‌ఫీల్డ్‌లో జరిగింది ఆ తర్వాతి వారం: జనం తెచ్చిన పూలు కాప్ వైపు గోల్ దగ్గర మొదలై మైదానం సగం దాకా పరుచుకున్నాయి. అది రాయి.

ఆ దుర్ఘటన మీద వచ్చిన టేలర్ నివేదిక వల్లే పెద్ద క్లబ్బుల గ్రౌండ్లలో అందరికీ సీట్లు ఉండాలన్న నియమం వచ్చింది, నిలబడే కాప్ పోయింది. చివరి రోజు 1994 ఏప్రిల్ 30. నార్విచ్ మీద 0-1తో ఓడారు. ఓడిన మ్యాచ్ కదా అని వదిలేశావా? అన్నేళ్ళు నిలబడి పాడిన జనం ఆఖరి రోజు తమ జట్టు గోల్ ఒక్కటి కూడా చూడకుండా ఇంటికెళ్ళారు, ఇంతకంటే ఏం కావాలి నీకు! ఆ కాప్‌లో ఒక్కసారి ఇరుక్కుంటే మూత్రానికి కూడా బయటికి రాలేక పేపరు చుట్టి పని కానిచ్చేవారని అక్కడ నిలబడ్డవాళ్ళే నవ్వుతూ చెప్పుకునేవారు. ముందున్నవాడి ప్యాంటు వెచ్చబడేదట. ఇదీ రాయి, సిగ్గుపడకు.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చింది కెమ్లిన్ రోడ్డు అక్కచెల్లెళ్ళ పేరా. స్టాండ్ పెంచడానికి క్లబ్బు వెనక ఇళ్ళు ఒక్కొక్కటీ కొంటూ వస్తే ఇద్దరు పెద్దవాళ్ళు మాత్రం అమ్మేది లేదన్నారు, ఏళ్ళ తరబడి ఆ వీధిలో వాళ్ళ ఇల్లు అలాగే నిలబడింది. వాళ్ళు వెళ్ళాకే 1992లో రెండో అంతస్తు తెరిచారు. ఇప్పుడది కెన్నీ డాల్‌గ్లిష్ స్టాండ్. కాకపోతే వాళ్ళను వీరవనితల్ని చేసేశావు, క్లబ్బును రాక్షసుణ్ణి చేసేశావు. ఆ విశేషణాలన్నీ కొట్టెయ్. కిటికీ తీస్తే ఎదురుగా స్టేడియం గోడ ఉండే ఇంట్లో మ్యాచ్ రోజు ఎలా ఉంటుందో ఆలోచించి రాస్తే చాలు.

కెపాసిటీ అంకెల పట్టిక తీసెయ్. రెండే ఉంచు: 1952లో వుల్వ్స్‌తో మ్యాచ్‌కు వచ్చిన 61,905 మంది, 2024లో ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్ పూర్తయ్యాక దొరికిన సుమారు 61,000 సీట్లు. నిలబడి కిక్కిరిసిన ఆ రోజు లెక్కను కూర్చోబెట్టి దాదాపుగా అందుకోవడానికి 70 ఏళ్ళు దాటింది.

ఫ్లడ్‌లైట్ల పేరా కూడా అక్కర్లేదు. ఆ జాగాలో కాప్ మూల నిలబడ్డ జెండా కర్ర గురించి రాయి, అది గ్రేట్ ఈస్టర్న్ ఓడ స్తంభం. 1870లో బొంబాయి నుంచి ఏడెన్‌కు సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేసిన ఓడే అది. చివరికి లివర్‌పూల్ పక్కనున్న మెర్సీ నది ఒడ్డున ముక్కలు చేసి అమ్మేశారు. స్తంభాన్ని నది దాటించి గుర్రాలతో లాగించుకొచ్చి అక్కడ పాతారు.

రెండో డ్రాఫ్ట్ ఎప్పుడు పంపుతావో చెప్పు. ఈసారి ఫాంటు కొంచెం పెద్దది పెట్టు, నా కళ్ళజోడు పాతది.

ఉంటాను,
అన్నయ్య