నోట్స్ యాప్‌లో బొమ్మలు గీసుకునేలా ఎట్లా చేయాలి?

టైప్ చేసే నోట్స్ యాప్‌కి పెన్ను తగిలించాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఏందంటే, గీసిందాన్ని పీఎన్‌జీ ఫొటోగా దాచేస్తారా లేక ఒక్కో గీతని పాయింట్ల వరసగా దాస్తారా అని. రెండోదే చేయండి. మా కావలి పక్క రొయ్యల గుంట ప్లాన్ గీసుకున్న రైతు రేపు ఒక ఏరియేటర్ (నీళ్ళలోకి గాలి కలిపే మిషను) జరపాలనుకుంటే ఫొటోలో కుదరదు, చెరిపి మళ్ళీ గీయాల్సిందే, అదే పాయింట్లుగా దాచి ఎస్‌వీజీగా (బొమ్మని గీతల లెక్కగా దాచే ఫైలు రకం) చూపిస్తే ఆ గీతలు పట్టుకుని జరిపేయొచ్చు, ఎంత జూమ్ చేసినా మసక రాదు.

వెబ్ యాప్ అయితే బ్రౌజర్‌లోనే ఉండే పాయింటర్ ఈవెంట్స్ వాడండి, మౌసు వేలు పెన్ను మూడూ అందులోనే వచ్చేస్తాయి, పెన్ను ఎంత నొక్కారో కూడా 0 నుంచి 1 మధ్య విలువగా ఇస్తది. పెన్నుతో గీస్తా ఉన్నప్పుడు టచ్‌ని పట్టించుకోకుండా వదిలేయాలి, లేదంటే అరచెయ్యి ఆనిన చోటల్లా పిచ్చిగీతలే. అన్‌డూ మాత్రం గీతకొకటి చొప్పున పెట్టండి, పాయింట్‌కొకటి పెడితే జనం తిట్టుకుంటారు.

ఇదంతా మొదటినుంచీ రాసే ఓపిక లేకపోతే ఎక్స్‌కాలిడ్రా అని రెడీమేడ్ బొమ్మల బోర్డు ఉంది గదా, ఓపెన్ సోర్స్, ఎంఐటీ లైసెన్స్ (ఫ్రీగా వాడుకోనిచ్చేది), రియాక్ట్ (జావాస్క్రిప్ట్ లైబ్రరీ) తో రాసిన యాప్‌లో నేరుగా పెట్టుకోవచ్చు. చేతిరాతని వెతికే సౌకర్యం అంటారా, అది వేరే పెద్ద తలనొప్పి, ఇప్పుడే దాని జోలికి పోవద్దు.